నా గేమ్‌ల ఆమె బొమ్మలు

పక్కింటోడు కారు కొంటె కుళ్లుకునేటోళ్లను చూసిన. తమ్ముడు ఇల్లు కడితె అన్నం సయించనోళ్లను చూసిన. సొంత పెండ్లాన్ని చూసి కుళ్లుకున్న మొగోడు మాత్రం నాకు నేనొక్కన్నే దొరికిన. నవ్వుకుంటె నవ్వుకోండ్రి, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న.

జహీరాబాద్‌ల హైవే మీద మాది ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ దుకాణం. నాయిన పెట్టిండు, నేను నడుపుతున్న. ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్లు, బేరింగులు, బెల్టులు. పొద్దుగాల గిరాకి ఉంటది, మల్ల పొద్దుమూకే యాల్లకు ఉంటది. నడుమ ఈగలు గొట్టుడే. గా ఈగలు గొట్టే టైముల నాకొక దోస్తు ఉన్నది. చేతిల పట్టేటంత గేమ్ డబ్బా. హైదరాబాద్‌ల డిప్లొమా చదివేటప్పుడు సెకండ్ హ్యాండ్‌ల కొన్న. దాన్ని చేసిన కంపెనీ ఎన్నడో బంద్ వెట్టింది. కొత్త డబ్బాలు రావు, కొత్త గేములు రావు, రిపేర్ జేసేటోడు లేడు. బ్యాటరీ పూరీ లెక్క ఉబ్బితె నేనే మార్చిన. ఎడమ దిక్కు బటన్ ఇప్పటికి జర గట్టిగ ఒత్తాలె.

కంపెనీ ఇడిచిపెట్టినా గా డబ్బాను ఇడువనోళ్లు దునియ నిండ ఉన్నరు. ఇండ్లల్ల కూసోని సొంతంగ గేములు రాసి, మెమరీ కార్డుల ఎక్కిచ్చి ఆడుకుంటరు. దీన్ని హోమ్‌బ్రూ అంటరు. వాళ్లకొక ఫోరం ఉన్నది. రాసిన గేమ్‌ను ఆడ పెడితె అందరు దించుకుంటరు, ఆడుతరు, మంచిచెడ్డ రాస్తరు. పైసల ముచ్చట లేదు. పేరొక్కటే. గా పేరు కోసం మనిషి ఎంత దిగజారుతడో నన్ను అడుగుండ్రి.

జహీరాబాద్ మొత్తంల గిసొంటి డబ్బా నాదొక్కటే. గేమ్ రాసేటోన్ని నేనొక్కన్నే. దుకాణానికి వచ్చిన రైతుకు చూపెడితె "ఏంది పటేలా, చిన్నపిల్లగాని లెక్క" అని నవ్వేటోడు. నవ్వనీ అనుకునేటోన్ని. నాలుగైదేండ్లల్ల ఫోరంల ఆరు గేములు వెట్టిన. ఒక్కోదానికి ఇద్దరో ముగ్గురో "బాగుంది" అని రాసిన్రు. వాళ్లు అందరికి గట్లనే రాస్తరని తర్వాత తెలిసింది.

ఏడోది చెరుకు ట్రాక్టర్ గేమ్. మా ఊరు న్యాల్‌కల్ దిక్కు. చలికాలం వచ్చిందంటె ఆ రోడ్లన్ని చెరుకు ట్రాక్టర్లే. ఒక్క ఇంజన్‌కు రెండు ట్రాలీలు, ఆకాశానికి అంటేటంత చెరుకు, లోపల పాటలు గట్టిగ వెట్టుకున్న డ్రైవరు. ఊరు రాంగనే జనం ఎన్కకెల్లి గడలు గుంజుతరు. డ్రైవర్ ఆపి దిగితె ఉరుకుతరు, ఎక్కితె మల్ల గుంజుతరు. ఫ్యాక్టరీకి చేరేసరికి ట్రాలీల ఎన్ని గడలు మిగిలినయన్నదే నా గేమ్. రెండు ట్రాలీలు మూల మలుపుల కాడ ఎట్ల ఊగుతయో, ఎప్పుడు బోర్ల పడతయో లెక్కలు గట్టి కోడ్ రాసేసరికి మూడు నెలలు వట్టింది. గంత పాత డబ్బాల గది నడిపిచ్చుడంటె మాటలా!

బొమ్మలు సుత నేనే ఏసిన. ఆ సంగతి చెప్పకపోతెనే మంచిగుండు.

ఒక ఐతారం ఇంట్ల కూసోని ఆడి చూస్తుంటె నా భార్య మీదికెల్లి తొంగి చూసింది. ఆమెది బీదర్ దిక్కు పల్లె. చదువంత కన్నడల సాగింది. తెలుగు మంచిగనే మాట్లాడుతది గని నన్ను మాత్రం ఇప్పటికి "రీ" అనే పిలుస్తది. వాళ్ల దిక్కు మొగని పేరు వెట్టి పిలువరు, గట్ల అంటరు.

"ఏన్రీ ఇది? సబ్బు బిళ్లనా?"

"ట్రాక్టరే."

"హౌదా?" అన్నది, అవునా అన్నట్టు. పెదవులు బిగవట్టి నవ్వు ఆపుకున్నది. మూడు నెలల పని మీద గా నవ్వు వడ్డది.

మర్నాడు దుకాణానికి నాకు సద్ది తెచ్చినప్పుడు ఒక గళ్ల కాగితం గల్లాపెట్టె మీద వెట్టింది. అండ్ల ట్రాక్టర్ ఉన్నది. గడికొక్క రంగు నింపి ఏసింది. ముప్పై రెండు గళ్లు అడ్డం, ముప్పై రెండు నిలువు. నా డబ్బాల బొమ్మకు గంతే జాగ ఉంటదని నేనే ఎన్నడో చెప్పిన్నట. మడ్‌గార్డ్ మీద బురద, సైలెన్సర్ మీద బోర్లేసిన రేకు డబ్బా, డ్రైవర్ మెడకు తువ్వాల. గింతంత జాగల!

ఆమెకు గా చెయ్యి యాడికెల్లి వచ్చిందో నాకు ఎరుకే. మేము పిల్లను చూడవోయినప్పుడు వాళ్లింట్ల గోడకు క్రాస్ స్టిచ్ చిలుకలు, టేబుల్ మీద క్రాస్ స్టిచ్ గులాబీలు. గళ్ల గుడ్డ మీద గడికొక్క కుట్టు వెట్టి కుట్టే బొమ్మలు. మా అమ్మ పిల్లతోని ఒక్క మాట మాట్లాడకముందే టేబుల్ గుడ్డ ఎత్తి ఎన్కకు తిప్పి చూసింది. దారాలు యాడ అడ్డం వోయినయి, యాడ ముళ్లు వడ్డయి అని. "ముందట అందరు కుడతరు. ఎన్క చూస్తెనే పిల్ల సంగతి తెలుస్తది" అని బస్సుల వచ్చేటప్పుడు చెప్పింది. ఎన్క సుత ముందట లెక్కనే ఉన్నదట. సంబంధం గట్ల కుదిరింది. ఆడోళ్లు దారాలు చూసుకుంటుంటె నేను పోహ తినుకుంట కూసున్న.

నెల దినాలల్ల ఆమె గేమ్‌కు కావలసిన బొమ్మలన్ని ఏసిచ్చింది. ట్రాక్టర్, ట్రాలీలు, ఎద్దు, చాయ్ బండి, అల్లం కడిగే ఆడోళ్లు, గడలు గుంజే జనం. గా జనంల ఒక ముసలామె ఉన్నది. కొంగు నడుముకు చుట్టి, గడ గుంజి, మోకాలు మీద ఇరిచి, ట్రాక్టర్ దిక్కు సుత చూడకుండ నములుకుంట నిలవడతది. డ్రైవర్ దిగినా ఉరుకదు. "నీ చెరుకు నేను తింటున్న, ఏం జేస్తవో చెయ్" అన్నట్టు ఉంటది. ఎవలామె అంటె, "మా అవ్వ రీ" అన్నది.

ఇంకొకటి. ఏ బొమ్మ ఏసినా రెండేసింది. ముందటిది, ఎన్కది. నా గేమ్‌ల ట్రాక్టర్ ఎడమకెల్లి కుడికి పోతది, గంతే. ఎవ్వలి వీపు కనవడదు. "ఎన్కవి దండుగనే, ఎవ్వలు చూడరు" అన్న.

"చూడకున్నా ఉండాలె గదా రీ," అన్నది. "లేకుంటె అది బొమ్మెట్ల అయితది?"

తీసేసుడు తకలీఫ్ అని అన్ని కలిపి గేమ్‌ల ఎక్కిచ్చిన.

ఫోరంల గేమ్ వెట్టేటప్పుడు మూడు గళ్లు నింపాలె. కోడ్ ఎవరిది, బొమ్మలు ఎవరివి, సౌండ్ ఎవరిది. మొదటి దాంట్ల నా పేరు కొట్టిన. మూడో దాంట్ల నా పేరు కొట్టిన. నడుమ గడి కాడ చెయ్యి ఆగింది. అబద్ధం ఆడుత లేను, ఆగింది. మల్ల అనుకున్న, డబ్బా నాది, ఆలోచన నాది, మూడు నెలల కష్టం నాది, ఇల్లు సుత ఒక్కటే గదా, ఎవల పేరైతె ఏంది! నడుమ గడిల సుత నా పేరే కొట్టిన.

రెండు దినాలల్ల నా జిందగిల చూడనంత మంది గేమ్ దించుకున్నరు. రాసిన్రు. నేను గిరాకిని నిలవెట్టి మరీ సదువుకున్న. "ఏం బొమ్మలు!" అని ఒకడు. "ఆ ముసలామె కోసం మళ్లీ మళ్లీ ఆడుతున్నా" అని ఒకామె. "ఈ పాత తెర మీద బురదకు ఇంత రంగు ఎట్ల తెచ్చావు?" అని ఇంకొకడు. ముసలామె, ముసలామె, ముసలామె. ట్రాలీలు ఎంత మంచిగ ఊగుతున్నయో ఒక్కడు రాయలే. ఒక్కడంటె ఒక్కడు! వాళ్లు పొగిడేది నన్నే, నా పేరే ఉన్నది. అయినా ఒక్క మాట నాకు అంటుకోలే.

ఇంటికి వోతె ఆమె అడిగింది, "ఎవరన్న ఏమన్న అన్నరా రీ, బొమ్మలకు?"

"ఏమనలే," అన్న. "గవి ఎవ్వలు పట్టిచ్చుకుంటరు?"

ఆమె తల ఊపింది. రొట్టె తట్టుకుంట కూసున్నది.

ఫోరంల ఉండేటోళ్లకు ఒక అలవాటు ఉంటది. గేమ్ ఆడి ఊకోరు. ఫైలు ఇప్పి లోపల ఏమున్నదో చూస్తరు. ఒకాయన నా గేమ్ ఇప్పి, బొమ్మలన్ని ఒక్క షీట్ మీద పరిచి అందరికి చూపెట్టిండు. వీపులన్ని బయటవడ్డయి. ముసలామె వీపు, ఆమె రవిక ముడి, ట్రాలీ ఎన్క ఏలాడే గొలుసు, డ్రైవర్ చెమట మరక. "గేమ్‌ల ఎక్కడా కనబడని వీటిని ఎందుకు వేశావు?" అని అడిగిండు. అందరు అదే అడిగిన్రు. నేను దొంగకు తేలు కుట్టినట్టు ఒక దినమంత గమ్మున కూసున్న. మర్నాడు రాసిన: "మా దిక్కు కుట్టుపని ఎన్కకు తిప్పి చూస్తరు. చూడకున్నా ఉండాలె." ఆమె మాట, మా అమ్మ మాట, రెండు కలిపి నా పేరు మీద. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

గా మాటకు ఒక ఉత్తరం వచ్చింది. యాడనో వేరే వేరే దేశాలల్ల ఉన్న నలుగురు కలిసి మా డబ్బాకు ఒక పెద్ద గేమ్ చేస్తున్నరు. ఏండ్ల సంది. ఫోరంల వాళ్లంటె అందరికి గౌరవం. బొమ్మలేసినోళ్లు మాతోని కలుస్తరా అని అడిగిన్రు. ఆ మాట నాకు రాలే. నడుమ గడికి వచ్చింది. అది నాకు మంచిగ ఎరుకే.

అయినా ఏం రాసిన్నో తెలుసా? "సంతోషం. వేస్త" అని రాసిన.

ఆమెకు చెప్తె ఏమయితది? ఆమె పోతది. పోయి వాళ్లతోని కలుస్తది. ఏడు గేములు చేసినోన్ని నేను, నన్ను ఎవ్వలు పిలువలే. డబ్బా ఎట్ల ఆన్ చేయాల్నో నన్ను అడిగి తెలుసుకున్న మనిషిని పిలిచిన్రు. గిది తలుచుకుంటె ఒళ్లు మండేది. రాత్రి కూరల ఉప్పు ఎక్కువైందని ఆమె మీద ఒర్రిన. ఉప్పు ఎక్కువ కాలే.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నదట. నేను గళ్ల కాగితం తెచ్చుకోని దుకాణంల ఫిల్టర్ల డబ్బాల నడుమ కూసున్న. వాళ్లు అడిగింది ఒక పడవ, ఒక మేకల కాపరి. పడవ మంచిగనే అనిపిచ్చింది. కాపరి నాలుగు తాపల ఏసినా కాళ్లు ఇరిగినోని లెక్కనే నిలవడ్డడు. వీపు సుత ఏసిన. ముందట రానోనికి ఎన్క ఎట్ల వస్తది? పంపిన. పడవ చూసి "బాగుంది, ఇంకొకటి వేయగలరా" అన్నరు. కాపరిని పంపిన. మల్ల మూడు వారాలు జవాబు లేదు.

ఆ మూడు వారాలల్ల ఆమె రెండు సార్లు అడిగింది, ఇంకేమన్న ఏయాల్నా అని. "అయిపోయింది గదా గేమ్, ఊకో" అన్న. అటెన్క అడుగలే.

ఒకనాడు పొద్దుగాల చాయ్‌పత్తి డబ్బా కోసం వంటింట్లకు వోయిన. డబ్బా ఎత్తితె దాని కింద ముసలామె ఉన్నది. పక్క డబ్బా ఎత్తిన, ట్రాక్టర్. అర మొత్తం ఆమె బొమ్మల కాగితాలే పరిచింది. ముసలామె మీద పసుపు ఒలికి మొఖం సగం కనవడతలేదు.

"గిది ఏందే? గిట్ల పరిచినవ్?"

"అడుగున ఎయ్యనీకి పేపర్ లేకుండె," అన్నది. "ఎవ్వలకు పనికి రావంటిరి గదా."

కోపంల లేదు, ఏడుపుల లేదు. ఉన్న సంగతి చెప్పింది. చాయ్‌పత్తి తీసుకోకుండనే దుకాణానికి వోయిన.

ఆడ లాప్‌టాప్ తెరిస్తె వాళ్ల ఉత్తరం వచ్చి ఉన్నది. చిన్నది, మర్యాదగ రాసిన్రు. ఇప్పుడు పంపిన బొమ్మలు మాకు సరిపోవు. చెరుకు గేమ్‌ల చెయ్యి మాకు కావాలె. ఈ శనివారం దాకా చూస్తం, లేకుంటె వేరేటోళ్లను వెతుక్కుంటం. గంతే.

శనివారం అంటె రేపే. నేను గమ్మునుంటె ఇది ఈడికే ఆగిపోతది. ఆమెకు ఎన్నటికి తెలువదు. జహీరాబాద్‌ల మల్ల నేనొక్కన్నే ఉంట. గా ఆలోచన వచ్చినప్పుడు జర హాయిగ సుత అనిపిచ్చింది. సిగ్గు లేకుండ చెప్తున్న, అనిపిచ్చింది. ఒకాయన క్లచ్ ప్లేట్ కోసం వచ్చి "ఏమాయె పటేలా, మొఖం గట్ల వెట్టినవ్?" అన్నడు. ఆయనను పంపి, కూసోని రాసిన. "బొమ్మలు నావి కావు. అన్ని నా భార్య ఏసింది. ఆమెకు మీ సంగతి ఇప్పటిదాక చెప్పలే. కాపరి, పడవ మాత్రం నావి." పంపే బటన్ ఒత్తిన.

పగటీలి ఆమె సద్ది తెచ్చేసరికి జవాబు వచ్చి ఉన్నది. పొడుగు ఉత్తరం. నేను ఒక్కసారి మొత్తం సదివిన. గిరాకి కూసునే స్టూల్ మీద ఆమెను కూసోవెట్టి సంగతంత చెప్పిన. ఫోరం, ముసలామె, వీపులు, మూడు గళ్లు, నా కాపరి. అయినాక ఆమె అడిగింది.

"వాళ్లు పిలిచి ఎన్ని దినాలైంది?"

"నెల దాటింది."

"నెల దినాలు," అన్నది. సద్ది గిన్నె మూత తీసి మల్ల వెట్టింది. "నెల దినాలు నా ముందట కూసోని తిన్నరు. ఎవ్వలు ఏమనలే అని చెప్పుకుంట తిన్నరు."

పేరు గురించి తిడుతదనుకున్న. పేరు ముచ్చటనే తీయలే. "వాళ్లు ఏం రాసిన్రో చదువుండ్రి" అన్నది.

ఇంగ్లీషు నేను సదివి తెలుగుల చెప్పాలె. చెప్పిన. ముసలామె అంటె వాళ్లకు పానమట. నలభై బొమ్మలు కావాల్నట. టైమ్‌కు తొందర లేదట. గేమ్‌ల ఆమె పేరు పెద్దగ వేస్తరట. ఇంటికాడ ఉండే వేయొచ్చట. గంతే, అని లాప్‌టాప్ మూత దించబోయిన. నిజం చెప్తె కుళ్లు పోతదనుకున్న. యాడికి పోతది!

ఆమె మూతకు చెయ్యి అడ్డం వెట్టింది. తెర మీద వేలు వెట్టి, నేను చెప్పిన మాటలతోని కలుపుకుంట లైను లైనుకు కిందికి తెచ్చింది. కుట్లు లెక్కవెట్టేటోళ్లకు లైన్లు లెక్కవెట్టుడు ఎంతసేపు?

"ఈ నాలుగు చదువలే రీ."

"గవి మామూలు ముచ్చట."

"మామూలుదే చదువుండ్రి. ఏం ఇడువకుండ చదువుండ్రి."

చదివిన. "'రెండో బొమ్మ చూసినప్పుడే చెయ్యి వేరని మాకు తెలిసింది. మీరే చెప్తరని ఆగినం. కోడ్ రాసేటోళ్లు మా దగ్గర ముగ్గురున్నరు, మీరు రావలసిన అవసరం లేదు. ఆమె ఒక్కామె వస్తె చాలు.'"

ఆమె గా నాలుగు లైన్ల మీదికెల్లి వేలు తీయలే.

"మల్లొకసారి," అన్నది. "జర గట్టిగ."

చదివిన.